పట్టాలూ పటాలూ

ఒక విశ్వవిద్యాలయపు లలితకళల విభాగం తన వార్షికోత్సవానికి వేసిన సంచిక ఒకటి ఆ మధ్య నా చేతికి వచ్చింది. మంచి ఆర్టు పేపరు, మంచి అచ్చు. చివరి పేజీల్లో పూర్వ విద్యార్థులు సాధించిన విజయాల జాబితా ఉంది. ఎవరికి ఏ అవార్డు వచ్చింది, ఎవరి ప్రదర్శన ఏ విదేశీ నగరంలో జరిగింది, ఎవరి చిత్రం వేలంలో ఎంత పలికింది. జాబితా మొత్తం చదివాను. ఏ ఒక్క బొమ్మ గురించీ ఒక్క వాక్యం లేదు. కవుల గురించి ఇలాంటి జాబితా ఎవరైనా మన ముందు పెడితే ఊరుకుంటామా? ‘కవిత్వం సంగతి చెప్పవయ్యా’ అని నిలదీయమా? చిత్రకారుల విషయానికి వచ్చేసరికి మాత్రం ఇదే విమర్శ అని మనం కూడా ఒప్పేసుకుంటున్నాం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

తెలుగు చిత్రకళ గురించి మాట్లాడేవాళ్ళు బరోడా ప్రస్తావన లేకుండా మాట్లాడలేరు. 1949-50లో బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో, హంసా మెహతా ఉపకులపతిగా ఉన్న కాలంలో, లలితకళల ఫ్యాకల్టీ మొదలైంది. అంతకుముందు మన దేశంలో చిత్రలేఖనం నేర్పిన సంస్థలు చాలావరకు తెల్లవాడు పెట్టిన ఆర్టు స్కూళ్ళు. మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో పుట్టాయి. వాటి మొదటి ఉద్దేశం చేతిపనివాళ్ళనూ, నకళ్ళు గీసేవాళ్ళనూ తయారుచేయడం. చెయ్యి కావాలి గాని ఆలోచన అక్కర్లేదు. బరోడా ఈ విభజనను కాదంది. బొమ్మ వేసే విద్యార్థి కళాచరిత్ర చదవాలి, దాని మీద వాదించాలి, విశ్వవిద్యాలయం డిగ్రీ పొందాలి. కుంచె పట్టుకున్నవాడికి పట్టభద్రుడన్న గౌరవం దక్కడం చిన్న సంగతి కాదు. అయితే ఆ పట్టాతోపాటే మరో ప్రమాదం కూడా వచ్చింది. చదువుకున్న చిత్రకారుడు వేరు, చదువుకోని బొమ్మలవాడు వేరు అన్న కొత్త వర్ణభేదం.

ఆ ప్రమాదాన్ని అక్కడే గుర్తించిన మనిషి కె.జి. సుబ్రమణ్యన్. మద్రాసులో అర్థశాస్త్రం చదువుతూ క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళాడు. ప్రభుత్వ కాలేజీల తలుపులు మూసుకుపోయాక 1944లో శాంతినికేతన్ చేరి చిత్రకారుడయ్యాడు. తర్వాత బరోడాలో ఉపాధ్యాయుడు. మధ్యలో రెండేళ్ళు అఖిలభారత చేనేత బోర్డులో డిజైన్ పని కూడా చూశాడు. తిరిగి వచ్చాక, 1961 నుంచి, విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి కర్రతో, తోలుతో, పూసలతో ఆటబొమ్మలు చేసి ఊరి జనానికి అమ్మే సంతలు నడిపించారు. నిర్మల్, కొండపల్లి తెలిసిన మనకు ఇందులో వింతేముంది అనిపించవచ్చు. కాని ఎం.ఏ. చదివే కుర్రవాడు తాను చేసిన బొమ్మను ఒక గుమాస్తా కూతురి చేతిలో పెట్టి రూపాయలు లెక్కపెట్టుకోవడం, కళ ఎవరికోసం అన్న ప్రశ్నకు ఉపన్యాసాలు ఇవ్వలేని జవాబు. ఆ బొమ్మలు ఏ జాబితాలోనూ ఉండవు.

మన లక్ష్మాగౌడ్, వైకుంఠం ఇద్దరూ హైదరాబాదులో చదివి, ఆ తర్వాత బరోడా వెళ్ళి సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. లక్ష్మాగౌడ్‌ది మెదక్ జిల్లా నిజాంపూర్. 1963లో బరోడా చేరి కుడ్యచిత్రాలూ, గ్రాఫిక్స్ పనీ నేర్చాడు. తిరిగొచ్చి జింకు పలకల మీద ఏం చెక్కాడు? మేకల్ని, చెట్లని, గుడిసెల్ని, సిగ్గుపడని పల్లె శరీరాల్ని. ఆ ఎచింగుల్లోని కామం చూసి మనవాళ్ళలో కొందరు మొహం తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నవాణ్ణే, దాచుకోవడమెందుకు. ప్రజల జీవితాన్ని చిత్రించడమంటే పిడికిలి ఎత్తిన మనిషినే చిత్రించడమని నమ్మిన రోజులవి. ఇప్పుడు చూస్తే ఆ గీతలో పట్నపు మధ్యతరగతి మర్యాద మీద ఒక తిరుగుబాటు కనిపిస్తోంది. దానికి వర్గచైతన్యం అని పేరు పెట్టను. అది లేని చోట ఉందనడం కూడా విమర్శ కాదు. కాని పల్లెను పద్యాల్లోని పచ్చని పల్లెగా మార్చకుండా, దాని చెమటతో, దాని ఆకలితో పట్టుకున్న చేయి అది. 2016లో వచ్చిన పద్మశ్రీ ఆ చేతికి కొత్తగా కలిపిందేమీ లేదు.

వైకుంఠం విషయంలో నా తగాదా ఇంకా తీరలేదు. ఎర్రచీరలు, పసుపు పూసిన మొహాలు, రూపాయంత బొట్లు, నిండైన నల్లని దేహాలు. కరీంనగర్ పల్లె స్త్రీని భారత చిత్రకళలోకి అంత ధీమాగా నడిపించుకొచ్చిన మరొకరు నాకు తెలియదు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కాని ఏళ్ళు గడిచే కొద్దీ ఆ స్త్రీ ఏ పనీ చేయడం మానేసింది. నాటు లేదు, కోత లేదు, బీడీ ఆకు లేదు. అలంకరించుకుని నిలబడి ఉంటుంది, ఎవరో కొనుక్కుని డ్రాయింగు రూములో తగిలించుకోవడానికి వీలుగా. కొనేవాడు నిన్నటి బొమ్మలాంటిదే రేపూ కావాలంటాడు. చిత్రకారుడు ఇస్తూ పోతాడు. దీన్నే జాబితాలు విజయం అంటున్నాయి.

అదే వైకుంఠం మరో పని చేశాడు. 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’కి కళాదర్శకత్వం. ఆ సినిమాకు వచ్చిన జాతీయ అవార్డుల్లో కళాదర్శకత్వానిది కూడా ఒకటి. అయితే నేను చెప్పేది అవార్డు సంగతి కాదు. ఆ గడిలోని వస్తువులు చూడండి. ఇత్తడి గిన్నెలు, మంచాలు, చీకటి గదులు, కమలాక్షి చేతులు పడిన ప్రతి సామానూ. దొరతనం ఆ సామాన్ల బరువులో ఉంది. దాసిని కాన్వాసు మీద అందంగా నిలబెట్టడానికీ, ఆమె తోమిన గిన్నెను తెర మీద పెట్టడానికీ మధ్య తేడాయే నేను మాట్లాడుతున్న తేడా. ఒకే మనిషి, ఒకే చదువు. ఒకచోట కొనేవాడి కోరిక పని నడిపించింది, రెండోచోట కథలోని సత్యం నడిపించింది. వైకుంఠం సాధించినదేమిటని నన్నడిగితే ముందు ‘దాసి’ పేరే చెబుతాను. ఆయన బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పిన ఏళ్ళ సంగతి కూడా ఎవరైనా రాయాలి.

సూర్యాపేట నుంచి బరోడా వెళ్ళిన రవీందర్ రెడ్డి ఫైబర్‌గ్లాసులో చేసిన బంగారురంగు స్త్రీ శిరస్సుల మీద వేరే వ్యాసమే కావాలి. ఆయన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాఠాలు చెప్పాడన్నది మాత్రం ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

మార్కెట్టును ఎదిరించినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, అదీ బరోడా ఆవరణలోనే. 1987లో ఎక్కువమంది కేరళ యువకులు కలిసి రాడికల్ చిత్రకారుల, శిల్పుల సంఘం పెట్టి అక్కడ ప్రదర్శన చేశారు. దాని ప్రకటన రాసింది అనితా దూబే. ఆమె అక్కడ కళావిమర్శ చదువుకున్న విద్యార్థిని. సంపన్నుల గోడలకు బొమ్మలు సరఫరా చేసే కళనూ, జీవితం లేని ఆధునికతనూ ఆ ప్రకటన తూర్పారపట్టింది. 1989లో బొంబాయిలో జరిగిన సోథ్‌బీ వేలాన్ని కూడా వాళ్ళు నిరసించారు. అదే ఏడాది డిసెంబరులో వాళ్ళ నాయకుడు కె.పి. కృష్ణకుమార్ ఆత్మహత్య చేసుకున్నాడు. సంఘం నిలవలేదు. వాళ్ళ మాటల్లో ఆవేశం పాలు ఎక్కువ, ప్రజల్లోకి వెళ్ళే దారి తక్కువ అని విమర్శించవచ్చు, నేనూ విమర్శిస్తాను. కాని ఓటమిని కూడా ఒక కళాశాల చరిత్రలో భాగంగా రాయాలి.

రాయకుండా వదిలేసేది ఓటమిని ఒక్కదాన్నే కాదు. 2007 మే నెలలో అదే ఫ్యాకల్టీలో ఆఖరి సంవత్సరం విద్యార్థులు పరీక్ష కోసం తమ పనులు గోడలకు పెట్టారు. అది ప్రదర్శన కాదు, పరీక్ష. మత భావాలు దెబ్బతిన్నాయంటూ బయటివాళ్ళు లోపలికి వచ్చారు. పోలీసులు ఒక తెలుగు విద్యార్థిని అరెస్టు చేశారు. అతను కొన్ని రోజులు జైల్లో ఉన్నాడు. తోటి విద్యార్థులు మన శిల్పసంప్రదాయంలోని శృంగార చిత్రాల నకళ్ళతో ప్రదర్శన పెడితే, దాన్ని మూయించడానికి ఒప్పుకోని డీన్ శివాజీ పణిక్కర్ సస్పెండయ్యారు. దేశమంతా కళాకారులు నిరసన తెలిపారు. తర్వాత అందరూ తమ పనుల్లో పడ్డారు. ఆ విద్యార్థికి డిగ్రీ చేతికి రాలేదు. 2018 ఫిబ్రవరిలో అతను ఉపకులపతి కార్యాలయానికి నిప్పుపెట్టాడన్న ఆరోపణ మీద మళ్ళీ అరెస్టయ్యాడు. పదకొండేళ్ళుగా డిగ్రీ కోసం తిరుగుతున్నానన్నది అతని మాట. నిప్పు పెట్టడాన్ని నేను సమర్థించడం లేదు. కాని పరీక్షకు పెట్టిన పనిని పరీక్షకులు చూడకముందే గుంపు తీర్పు చెప్పినప్పుడు, విశ్వవిద్యాలయమిచ్చే పట్టాకు అర్థం ఏమిటి? మనం కథ మీద నిషేధం వస్తే సభ పెడతాం. ఆ కుర్రవాడు తెలుగువాడని తెలిసి కూడా మన పత్రికల్లో ఎంతమందిమి ఏం రాశాం?

ఈ ప్రశ్న ఇతరులను అడిగి ఊరుకునే హక్కు నాకు లేదు. మా ఊరి హైస్కూల్లో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. హైదరాబాదులో లలితకళల డిప్లొమా చేసినవారు. వారానికి రెండు పీరియడ్లు, అవి కూడా లెక్కల మాస్టారు లాక్కునేవాడు. సాయంత్రాలు సైకిలేసుకుని మా దగ్గరికి వచ్చేవారు. మా సభలకు గుడ్డ బ్యానర్లు రాసింది ఆయనే, ఊరేగింపుకు అట్టముక్కలతో దొరల ముఖాలు చేసింది ఆయనే. 1983లో మేం ఎనిమిది మందిమి కలిసి వేసిన కథల పుస్తకానికి లినోలియం ముక్క మీద ముఖచిత్రం చెక్కి ఇచ్చారు. ఎండిన చెరువు, గట్టున ఒంటరిగా ఒక మోట. కథల్లో కొన్ని ఇప్పుడు చదవలేం, నావి రెండూ అందులో చేరతాయి. ఆ ముఖచిత్రం మాత్రం నిలిచింది. నలుపూ తెలుపూ తప్ప మరో రంగు లేదు. చెరువు బీటలు ఉలి జాడలే. మోట కర్ర నీడ పేజీ కింది అంచు దాటి పోతున్నట్టుంటుంది.

ఆ పుస్తకానికి ఆరు సమీక్షలు వచ్చాయి. ముఖచిత్రం గురించి ఒక్కదాంట్లో ఒక్క మాట. ‘బాగుంది.’ మాస్టారు దాన్ని చదివి నవ్వారు గాని ఏమీ అనలేదు. ఆయన రిటైరయ్యాక ఆ బడిలో ఆ పోస్టు మళ్ళీ నింపలేదు.

మొన్న రెండో ముద్రణ వేద్దామని మిత్రులన్నప్పుడు పాత ప్రతి తీసి చూశాను. లోపలి పేజీలో ప్రెస్సు పేరుంది, దాని వీధి పేరుంది, కాగితం అప్పుగా ఇచ్చిన షావుకారుకు కృతజ్ఞతలున్నాయి. ముఖచిత్రం ఎవరిదో లేదు. ప్రూఫులు దిద్దింది నేనే. ఆయన కొడుకు కరీంనగర్‌లో ఉంటున్నాడని విని ఉత్తరం రాశాను, ఆ లినో పలక ఇంట్లో ఎక్కడైనా ఉందేమో చూడమని. అటక మీద ఒక ట్రంకు పెట్టె ఉందని, ఇంకా తెరవలేదని జవాబు వచ్చింది.