నాలుగో పాదం దగ్గర

బోనకల్ వైపు నాటకం పడుతోందంటే జనం ముందు అడిగేది "కృష్ణుడెవరు?" అని. రాయబారం కథ అందరికీ తెలుసు, పద్యాలు సగం మందికి నోటికొచ్చు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఎందుకో ఓ రాత్రి నాటకం దగ్గర నాకు అర్థమయ్యేలా చేసింది పక్కన కూర్చున్న మా మిత్రుడు. మిరప రైతు, హార్మోనియం ఎన్నడూ ముట్టలేదు కానీ చెవి మహా పదును.

పడక సీనులో కృష్ణుడు ఉత్పలమాల ఎత్తుకున్నాడు. పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. బళ్లో పద్యం అప్పజెప్పే పిల్లవాడు పాదం చివర ఆగుతాడు. నటుడు మాట పూర్తయిన చోట విరుస్తాడు, అది పాదం నడుమైనా సరే. పాదం చివర మాట తెగకపోతే అదే ఊపిరిలో కింది పాదంలోకి దిగాలి. మొదటి రెండు పాదాలూ ఎదుటి పాత్ర మొహంలోకి చూస్తూ మాట్లాడినట్టే ఉండాలి. మూడో పాదంలో గొంతు లేస్తుంది. నాలుగోది తారస్థాయిలో ముగించి, చివరి అచ్చు పట్టుకుని రాగం తీస్తారు. సీసమైతే పెద్ద పాదాలు నాలుగింటిలో కూడబెట్టిందంతా కింది తేటగీతిలోనో ఆటవెలదిలోనో ఖర్చుపెట్టాలి.

వేదిక పక్కన హార్మోనిస్టు కాళ్లతో తిత్తి తొక్కుతూ గొంతు వెనకాలే నడుస్తాడు. నటుడు ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు వేసి ఆ ఖాళీ వినబడనివ్వడు. ఆ రాత్రి కృష్ణుడికి రాగం మధ్యలో దగ్గు అడ్డొచ్చింది. హార్మోనిస్టు తలెత్తకుండానే అదే సంగతి అందుకుని, ఆయన గొంతు సవరించుకునే దాకా సాగదీశాడు. "చూసినవా, పెట్టె కాపాడింది" అన్నాడు మావాడు.

తెలుగు నాటకంలో పద్యాలు నిలదొక్కుకున్నది 1880లలో, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల చేతుల మీదుగా. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలతో పద్యం రైతుల నోటికెక్కింది. నోటిమాటకు దగ్గరగా ఉండటమే ఆ పద్యాల బలమని నా లెక్క. మైకులు లేని కాలంలో చివరి వరసకూ వినబడాలని శ్రుతి హెచ్చులో పాడేవాళ్లు. మైకొచ్చినా శ్రుతి దిగలేదు. పైగా రాగం పందెంగా మారింది, చప్పట్లు పడేదాకా వదలరు. ఈలపాట రఘురామయ్య నోట్లో వేలు పెట్టి పద్యాన్ని ఈలగా వినిపిస్తే అదొక విద్య. పీసపాటి నరసింహమూర్తి మాటకు పెద్దపీట వేశాడు. మావాడు పీసపాటి పక్షం. "అర్థం చచ్చినాక రాగమెందుకురా?" అంటాడు.

కాంట్రాక్టు నాటకాల్లో ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఒకటో కృష్ణుడు పోయి రెండో కృష్ణుడు వస్తాడు. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది కానీ, ఒకే రాత్రి ఇద్దరి విరుపునూ పక్కపక్కన పెట్టి తూచే వీలు ఇంకెక్కడా దొరకదు. వన్స్ మోర్ పడిందంటే నటుడికి రెండో పరీక్ష. మళ్లీ పాడేటప్పుడు ఒక్క కొత్త సంగతైనా పడకపోతే ముందు వరసలో పెదవి విరుస్తారు.

చివర్లో కాటిసీను వేశారు. సత్య హరిశ్చంద్రీయం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసింది. అయితే ఆ సీనులో జనం ఎదురుచూసే పద్యాలు గుర్రం జాషువా శ్మశానవాటిక ఖండికలోవి. కులం పేరిట అవమానాలు పడ్డ కవి మాటను హరిశ్చంద్రుడు కాటికాపరి వేషంలో నిలబడి చెబుతాడు. వినేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. మావాడికీ తెలియదు.

"అన్నీ బలిజేపల్లివే అనుకున్న గదరా! మరి కరపత్రంలో జాషువా పేరెందుకు వేయలే?" అన్నాడు. సీను కాగానే కమిటీ వాళ్లను అడగడానికి వేదిక వెనక్కి బయలుదేరాడు.