సుబ్బన్నపేట యువకుడు - ఊరి యుపేక్ష

విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు'ను గూర్చి వ్రాసినవారిలో పెక్కురు ఒక మాటయం దేకీభవించుచున్నారు. ఈ నవల ఒక నాగరకత యస్తమయమునకు కథారూపమనియు, ఆ యస్తమయమునకు హేతువు పాశ్చాత్య సంపర్కమనియు వారి మతము. మొదటి భాగము నిర్వివాదము. రెండవదానిని నేను పూర్తిగా నంగీకరింపజాలను. సుబ్బన్నపేటను చెఱచినది వచ్చినవాని బలముకంటె ఉన్నవారి యూరకుండుట యని నాకు తోచుచున్నది.

ఊరి పుట్టుకను రచయిత ఒక స్వప్నముతో ముడివెట్టినాడు. వేయి పడగల సుబ్రహ్మణ్యేశ్వరుడు గ్రామమునకు ప్రాణము. ఆయన పడగ లొక్కొక్కటిగ నణగిపోవుచుండగా ఊరు క్షీణించును. ప్రతీకగా ఇది మహాకల్పన. తెలుగు నవలలో దీనికి సాటి వచ్చున దరుదు. కాని ప్రతీక కొక ప్రమాదము కలదు. పడగ యణగినదన్నచో, దాని నణచిన చేయి యెవరిదని యడుగు నవసరము పాఠకునకు తప్పిపోవును. గుడియుత్సవమునకు దిక్కు జమీందారు. కృష్ణమనాయుని మనసు గుడివైపున నున్నది, ఉత్సవము సాగినది. రంగారావు మనసు మఱియొక వైపు తిరిగినది, గుడి వెలవెలబోయినది. ఈ రెండు కాలములందును ఊరిజన మేమి చేసిరి? పెట్టినప్పుడు తినిరి, పెట్టనినాడు నిట్టూర్చిరి. తరతరముల ధర్మము మనదని నమ్మిన జనపదము దానిని నిలుపు భారము నొక్క కుటుంబముపై మోపి నిశ్చింతముగా నుండుట విశ్వనాథవారు చూపిన సత్యము. చూపినారు గాని దోషముగా నెంచలేదు.

ఇక ధర్మారావు. చదువుకొన్నవాడు, పేదవాడు, తండ్రి రామేశ్వరశాస్త్రి వైభవమంతయు కరగిపోయిన పిమ్మట మిగిలిన యువకుడు. అతని యాశ చిన్నది కాదు. పోయినదానిని గుర్తెఱిగి నిలుపవలెననునది. గిరికయందు కళను, పసిరికయందు పంటచేల జీవమును అతడు చూచినట్లు ఊరిలో మఱియెవరును చూడలేదు. అయిన నొక ప్రశ్న నన్ను విడువదు. చూచినవాడు చేసినదేమి? అతడు మిత్రులతో వాదించును, వివరించును, ఖండించును. పదిమందిని పిలిచి ఒక పని తలపెట్టుట అరుదు. గ్రంథమును 29 దినములలో ఆశువుగా చెప్పగా తమ్ముడు వ్రాసినాడని ప్రసిద్ధి. ఆ ధోరణి నాయకునకు కూడ సంక్రమించినది కాబోలు! ఊరి యుపేక్షలో ధర్మారావునకును పాలు కలదనిన కొందఱకు కష్టము తోపవచ్చును. నేను దానిని పాత్రకు లోపముగా గాక సత్యముగా నెంచుచున్నాను. ఎవరును విననిచోట పుట్టిన ఆశ మాటగా మాఱును.

ఇట్లు కాక మఱియొక మార్గము రచయితకు తెలియనిది కాదు. బందరు సంగతి చూడుడు. 1611లో ఆంగ్లేయుల వర్తకస్థానము వెలసిన యా రేవు, 1864 నవంబరు 1వ తేదీ తుపానులో సుమారు 30,000 ప్రాణములను కోల్పోయినది. రేవు పూర్వవైభవము మరల రాలేదు. క్షీణించిన ఆ పట్టణముననే 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని కాదని తన జీవితమునే దానికి ధారవోసిరి. పడవలు రాని యూరిలో పాఠశాల లేచినది. విశ్వనాథవారు బందరులో చెళ్లపిళ్లవారి శిష్యులు, తరువాత ఆ జాతీయ కళాశాలలో నుపాధ్యాయులు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని 'వేయిపడగలు'తో సమముగా పంచుకొన్న 'నారాయణరావు' కర్త అడవి బాపిరాజుగారును అచ్చటనే ప్రమోదకుమార చటోపాధ్యాయుని యొద్ద చిత్రకళ నభ్యసించినవారు.

అట్టి యనుభవము గల రచయిత తన నవలలో యువకుని నొంటరిగా నేల నిలిపెను? అది చూచినవాని నిరాశ యని నా యూహ. హనుమంతరావుగారు 1922లోనే గతించిరి. ఉద్యమవేళ చందా లిచ్చిన చేతులు వేడి తగ్గిన పిమ్మట ముడుచుకొనుట ఇట్టి సంస్థ లన్నిటికిని తెలిసిన సంగతియే. ఉపాధ్యాయు డీ సంగతిని జీతము రాని నెలలో నెఱుగును. గాలి మేడలు కట్టక, ఆదరణ లేని ఆశ యెట్లుండునో వ్రాసినాడని విశ్వనాథవారి పక్షమున ననవచ్చును. ఇది బలమైన సమాధానమే. అయినను, ఉపేక్షకు మానవహేతువు నెఱిగిన కలము దానిని దైవహేతువుగా మార్చుటచే, ఊరివారికి సులభముగా క్షమ లభించినదని నా యాక్షేపము. విద్యుద్దీపములను, క్రొత్త చదువులను నిందించినంత తీవ్రముగా నూరివారి మౌనమును రచయిత యెచ్చటను నిందింపలేదు.

నవల ముగియునప్పటికి రెండు పడగలే మిగిలినవి. కడపటి దృశ్యమున ధర్మారావు, అరుంధతి యున్నారు. దాంపత్యము నిలిచినదని విమర్శకులు సంతోషించిరి. ఆ సంతోషము న్యాయమే. నేను మాత్ర మా దృశ్యమును చదివినపు డెల్ల వారి గుమ్మము వెలుపలి వీథిని గూర్చి యాలోచింతును. ఆ వీథిలో నివసించువారి కంఠ మచ్చట వినబడదు.