హెర్బర్ట్ వంశావళి: మూలవివాదం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వేల్స్ ఆగ్నేయ ప్రాంతంలోని రాగ్లన్ కోటకు అధిపతియైన విలియం ఆప్ థామస్ 1445లో మరణించాడు. ఆయన కుమారుడు విలియం 1461లో బ్యారన్‌గా, 1468లో పెంబ్రోక్ ఎర్ల్‌గా ఆంగ్ల ప్రభువర్గంలో ప్రవేశించాడు. 'ఆప్' అనగా కుమారుడు. నాటి వెల్ష్ సంప్రదాయంలో స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరే గుర్తింపు, అది తరతరానికీ మారుతుంది. ఆ ప్రకారం ఇతడు 'విలియం ఆప్ విలియం' కావలసినవాడు. కాని 'విలియం హెర్బర్ట్' అయ్యాడు. వంశమూల వివాదమంతా ఈ ఒక్క పేరు చుట్టూ అల్లుకొని ఉన్నది.

వంశీయుల వాదం ప్రకారం మూలపురుషుడు ఆంగ్లరాజు మొదటి హెన్రీకి వివాహేతర సంబంధం వలన జన్మించిన హెర్బర్ట్. మరొక పాఠంలో ఆ హెర్బర్ట్ రాజపుత్రుడు కాడు, రాజాస్థానంలో చాంబర్లిన్. నాలుగవ ఎడ్వర్డ్ ఆజ్ఞపై వెల్ష్ వంశావళీవేత్తలు విచారించి రాజపుత్ర వాదాన్ని ధ్రువీకరించినట్లు చెప్పే పత్రం ఒకటి ప్రచారంలో ఉన్నది. ఇక 14వ శతాబ్దిలో నిలకడగా కనిపించే పూర్వీకుడు ఆబర్గవెన్నీ సమీపంలోని వెర్న్‌దీకి చెందిన జెన్కిన్ ఆప్ ఆడమ్. ఆయన నుండి హెన్రీ కాలానికి ఎక్కే మెట్లే వివాదాస్పదం.

'కల్పితం' అని తీర్పు చెప్పి విడిచిపెట్టడం చరిత్రకారునికి చాలవచ్చు. సాహిత్య విద్యార్థికి అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. వేల్స్‌లో వంశావళి అలంకారం కాదు. భూమిపై హక్కు, కులీన హోదా రెండూ దానిపైనే ఆధారపడేవి. సామాన్యులు సైతం ఆరేడు తరాల పూర్వీకులను వల్లించగలరని 12వ శతాబ్ది చివర జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. ఈ విద్యకు సంరక్షకులు ఆస్థానకవులు. కనుక వంశావళిని వారి స్తుతికవిత్వం నుండి విడదీసి చదవడం సరికాదు.

అట్లా చదివితే ఒక వైరుధ్యం బయటపడుతుంది. 1468లో హార్లెక్ కోటను జయించిన హెర్బర్ట్‌ను గుటోర్ గ్లిన్ వెల్ష్ భాషలో స్తుతించాడు. గ్వినెద్ ప్రజలను కాపాడమనీ, వెల్ష్ ప్రాంతాలను ఏకం చేయమనీ కోరాడు. కవికి అతడు స్వజాతి నాయకుడు. ఆంగ్ల ఆస్థానం కోసం నిలబెట్టిన వంశచరిత్రలో మాత్రం అతడు నార్మన్ రాజరక్తం. గ్లిన్‌డూర్ తిరుగుబాటు అనంతరం వెల్షువారి ఆస్తిహక్కులను, పదవులను పరిమితం చేసిన శాసనాలే ఇందుకు కారణమని తోచవచ్చు. ఆ వివరణ సగమే నిలుస్తుంది. తండ్రి 'ఆప్ థామస్'గానే 1426లో నైట్ అయ్యాడు, పదవులూ నిర్వహించాడు. తల్లి గ్లాడిస్, 1415లో అజిన్‌కోర్ట్‌లో ఆంగ్లరాజు పక్షాన మరణించిన దవిద్ గామ్ కుమార్తె. పదవికి వెల్ష్ పేరు అడ్డు కాలేదు; ప్రభువుల పంక్తిలో వంశపారంపర్యంగా కూర్చోవడానికి మాత్రం మారని ఇంటిపేరు, దానికొక పూర్వకథ కావలసి వచ్చాయి. కావ్యావతారికలలో కృతిపతి వంశాన్ని చంద్రునితోనో సూర్యునితోనో కలపడం ఎరిగిన తెలుగు పరిశోధకునికి ఈ అవసరం కొత్తది కాదు.

మరొక శతాబ్దం గడిచేసరికి దిశ తిరగబడింది. వెల్ష్ మూలాలున్న ట్యూడర్‌ల పాలనలో, ఎలిజబెత్ మంత్రి విలియం సెసిల్ తన ఇంటిపేరును 'సైసిల్ట్' అనే వెల్ష్ పేరుతో కలిపి సరిహద్దు ప్రాంతపు ప్రాచీన వంశాన్ని చెప్పుకొన్నాడు. ప్రత్యర్థులు అతని తాతను స్టామ్‌ఫర్డ్‌లో సత్రం నడిపినవాడని ఎగతాళి చేశారు. హెర్బర్ట్ దాచినదాన్నే సెసిల్ వెదికి తెచ్చుకొన్నాడు.

1469లో ఎడ్జ్‌కోట్ ఓటమి తరువాత హెర్బర్ట్ శిరచ్ఛేదానికి గురైనప్పుడు గుటోర్ గ్లిన్ స్మృతికవిత చెప్పాడు. అతని అనౌరస పుత్రుని కుమారుడైన మరొక విలియం హెర్బర్ట్ 1551లో తిరిగి పెంబ్రోక్ ఎర్ల్ అయ్యాడు. 1567లో మిలాన్‌లో గ్రిఫిద్ రాబర్ట్ ముద్రింపించిన వెల్ష్ వ్యాకరణం అంకితమైనది ఈ నార్మన్ పేరుగల ప్రభువుకే.