'ప్రధానం' కాని పనులు, ప్రధానం కాని మనుషులు: యాజమాన్యాల లేబర్ గైడ్లపై ఒక దళిత విమర్శ

కార్మిక చట్టాల మీద యాజమాన్యాల కోసం రాసే గైడ్లను ఎవరూ సాహిత్యంగా చూడరు. కథలో కులం ఎక్కడ దాక్కుందో, కవిత్వంలో వాడ ఎందుకు కనిపించదో వెతికే మనం కూడా వీటి జోలికి పోలేదు. లాయర్లు, పర్సనల్ ఆఫీసర్లు చదువుకునే పొడి పుస్తకాలు గదా అనుకున్నాం. కానీ ఏ రాతనైనా మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరి కోసం రాశారు? ఎవరికి భయపడి రాశారు? ఎవరి పేరెత్తకుండా రాశారు? ఈ గైడ్లను ఆ మూడు ప్రశ్నలతో చదివితే, మన పల్లెల్లో చూసిన వ్యవస్థే కొత్త భాషలో ఎదురొస్తది.

ఈ గైడ్లకు మూలమంత్రం 'రిస్క్'. కార్మికుడు పనిచేసేవాడుగా కాదు, రాబోయే కేసుగా కనిపిస్తాడు. ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం చూడండి. వాళ్లకు మీ అధికారి నేరుగా పని చెప్పగూడదు, కాంట్రాక్టరు సూపర్‌వైజరు ద్వారా చెప్పించండి. హాజరు మీ రిజిస్టర్లో వేయొద్దు. సెలవు మీరు మంజూరు చేయొద్దు. ఐడీ కార్డు మీద మీ కంపెనీ పేరు ఉండగూడదు. యూనిఫాం వేరుగా ఉండాలి. ఇదీ సలహాల వరస.

ఇందులో న్యాయశాస్త్రం లేకపోలేదు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి, కాంట్రాక్టు బూటకమని తేలితేనే కార్మికుడు అసలు యజమాని మనిషి అవుతాడన్నది. బూటకమా కాదా తేల్చడానికి జీతం ఎవరిచ్చారు, పని ఎవరు చెప్పారు, అజమాయిషీ ఎవరిది అన్నవి కొలబద్దలయినయి. కాబట్టి గైడు యజమానికి నేర్పే విద్య ఒక్కటే: అజమాయిషీ వదులుకోవద్దు, దాని ఆనవాలు మాత్రం మిగల్చొద్దు.

ఈ సలహాలన్నీ ఒకచోట పెట్టి చదివితే తేలేది దూరం. ఇద్దరూ ఒకే గేటు లోపల, ఒకే కప్పు కింద పనిచేస్తారు. కానీ ఒకరి పేరు ఇంకొకరి పుస్తకంలో పడగూడదు, మాట నేరుగా తగలగూడదు. ఊళ్లో మాదిగ కుట్టిన చెప్పు గడప దాకా వచ్చేది, మాదిగ మాత్రం వాకిట్లోనే ఆగేవాడు. చాకిరీ దగ్గరికి రావాలి, చాకిరీ చేసే మనిషి రాకూడదు. దొర జీతగాళ్లతో నేరుగా మాట్లాడకుండా పెద్ద జీతగాడితో చెప్పించిన పద్ధతే ఇప్పుడు కాంట్రాక్టరు సూపర్‌వైజరు రూపంలో కాయితాల మీదికొచ్చింది. మనువు మైల పేరుతో దూరం పెట్టమన్నాడు, మాన్యువల్ రిస్క్ పేరుతో దూరం పెట్టమంటున్నది.

'కాంట్రాక్టులో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు గదా, దీన్ని కులం అనడమేంది?' అని మిత్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కాంట్రాక్టు లెక్చరరు ఉన్నాడు, కాంట్రాక్టు ఇంజనీరూ ఉన్నాడు. వాళ్ల బాధ బాధ కాదని ఎవరూ అనరు. అయితే ఏ పనిని ఎప్పటికీ బయటివాళ్లతోనే చేయించుకోవచ్చో చట్టం ఒక జాబితా రాసింది. ఆ జాబితా చరిత్ర చూస్తే జవాబు దొరుకుతది.

1970 కాంట్రాక్టు లేబర్ చట్టం 10వ సెక్షన్ ప్రభుత్వానికి కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ఇచ్చింది. అందుకు చూడాల్సిన విషయాలు చెప్పింది: ఆ పని సంస్థకు అవసరమా, ఏడాది పొడుగునా సాగేదా, మామూలుగా రెగ్యులర్ కార్మికులతో చేయించే పనేనా, పూర్తికాలం మనుషులకు సరిపడా ఉందా. ఈ అధికారంతోనే 1976 డిసెంబరు 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం కాంట్రాక్టుకు ఇవ్వగూడదన్నది. ఊడ్చే పని రోజూ ఉంటది, అందుకే ఊడ్చే మనిషి రోజువారీ పరాయివాడు కాగూడదన్నదే ఇందులోని తర్కం.

1996లో ఎయిర్ ఇండియా కేసులో జస్టిస్ కె. రామస్వామి రాసిన తీర్పు ఇంకో అడుగు ముందుకేసింది. నిషేధం వచ్చాక కాంట్రాక్టరు పోతాడు గానీ కార్మికుడు పోడు, అతను అసలు యజమాని కిందికే వస్తాడన్నది. చీపురు పట్టిన చేతికి రెగ్యులర్ ఉద్యోగం అందేంత దగ్గరికొచ్చింది. అయిదేళ్లు తిరగకుండానే 2001 స్టీల్ అథారిటీ తీర్పు ఆ తీర్పును కొట్టేసింది. 1976 నోటిఫికేషన్ సరిగ్గా ఆలోచించి ఇచ్చింది కాదని దాన్నీ రద్దు చేసింది.

ఇంకో రెండేళ్లకు మన రాష్ట్రం రంగంలోకొచ్చింది. 2003లో తెలుగుదేశం ప్రభుత్వం కాంట్రాక్టు లేబర్ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చి 'కోర్ యాక్టివిటీ', అంటే ప్రధాన కార్యకలాపం అనే మాటను చట్టంలో పెట్టింది. ప్రధానమైన పనిలో కాంట్రాక్టు నిషేధం అన్నది. వినడానికి బాగనే ఉంది. కానీ సంస్థ అందుకోసమే పెట్టింది కాకపోతే ఈ పనులు ప్రధానం కావు అంటూ ఒక జాబితా రాసింది. అందులో మొట్టమొదటిది పారిశుధ్యం: ఊడ్చడం, శుభ్రం చేయడం, చెత్త ఎత్తడం. ఆ తర్వాత కాపలా, క్యాంటీన్, ఎగుమతి దిగుమతి హమాలీ పని, తోటపని, హౌస్‌కీపింగ్, బట్టలుతకడం వగైరా. కేంద్రం 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌లోకి దాదాపు ఇదే జాబితా ఎక్కింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో 1970 చట్టం పోయి, ఆంధ్రప్రదేశ్ ఆలోచన దేశమంతటి చట్టమయింది. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోట వర్తించేది, కొత్త కోడ్‌లో ఆ అధ్యాయం 50 మందికి చేరింది.

ఒక్కసారి ఆ జాబితాను కులాల పేర్లతో చదవండి. ఊడ్చేది, చెత్త ఎత్తేది ఎవరు? బట్టలుతికేది ఎవరు? మూటలు మోసేది ఎవరు? శాసనం చేసినవాళ్ల మనసులో కులం ఉందా లేదా అన్నది నాకు అక్కర్లేదు. గ్రామంలో వెట్టి పనులుగా ఉన్నవి చట్టంలో 'ప్రధానం కాని పనులు'గా ఎట్లా మారాయన్నదే ప్రశ్న. 1976లో అడిగిన ప్రశ్న 'ఈ పని రోజూ ఉంటదా?' అని. 2003 నుంచి అడుగుతున్నది 'ఈ పని యజమానికి ముఖ్యమా?' అని. మొదటి ప్రశ్నకు జవాబు పనిలో ఉంటది. రెండోదానికి జవాబు యజమాని చూపులో ఉంటది. ఆ చూపులో వేల ఏళ్ల కులం ఉంది.

వైరుధ్యం చూడండి. అదే కోడ్ పని స్థలం శుభ్రంగా ఉంచాలని, మరుగుదొడ్లు ఉండాలని యజమాని మీద బాధ్యత పెడతది. వందమంది కార్మికులున్న చోట క్యాంటీన్ గురించి చెబుతది. అంటే శుభ్రత చట్టరీత్యా తప్పనిసరి, శుభ్రం చేసే మనిషి తప్పనిసరి కాదు. పోనీ, మునిసిపాలిటీ పుట్టిందే పారిశుధ్యం కోసం గదా, అక్కడన్నా ఇది ప్రధానమైన పని అవుతదా? వాదించొచ్చు, వాదించాలి కూడా. కానీ మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే జరిగే పనైతే ప్రధానమైనదైనా కాంట్రాక్టుకు ఇవ్వొచ్చని కోడ్ ఇంకో తలుపు తెరిచిపెట్టింది. ఇన్నేళ్లు కాంట్రాక్టుకిచ్చిన తప్పే ఇకముందు ఇవ్వడానికి హక్కయి కూచుంటది.

ఇది కొత్త కథ కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఎక్కువ జీతమొచ్చే నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. తెగిన దారాన్ని నోటితో అందుకోవాలి, ఒకరి ఎంగిలి ఇంకొకరికి తగులుతదని సాకు. 1928-29 సమ్మెల కాలంలో అంబేద్కర్ ఈ ప్రశ్న లేవనెత్తి, కార్మిక ఐక్యత అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలన్నాడు. కులమంటే పనులు పంచుకోవడం కాదు, పనిచేసేవాళ్లను మెట్లు మెట్లుగా విడగొట్టడమని ఆయన చెప్పింది ఈ అనుభవం నుంచే. ఆనాడు మిల్లు లోపల ఒక ఖాతాకూ ఇంకో ఖాతాకూ మధ్య గోడ. ఈనాడు ఒకే ఖాతాలో ప్రధానానికీ అప్రధానానికీ మధ్య గోడ.

కోర్టులు ఎప్పుడూ ఒకే మాట మీద లేవు. 2006 ఉమాదేవి తీర్పు దొడ్డిదారి నియామకాలను పర్మినెంట్ చేయొద్దన్నది. ఆ తీర్పును చూపించి ఎన్నో ప్రభుత్వ సంస్థలు ఇరవై ఏళ్లు ఊడ్చినవాళ్లను కూడా బయటికి నెట్టాయి. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు ఆ వాడకాన్నే తప్పుపట్టింది. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ల తరబడి ఊడ్చినవాళ్ల పని, తోటపని సంస్థ నడవడానికి అవసరమైనవేనని, వాళ్లను రెగ్యులర్ చేయాలని చెప్పింది. కోర్టు అవసరమన్న పనినే కోడ్ అప్రధానం అంటున్నది. రేపు జరగబోయే పోరాటం ఈ రెండు మాటల మధ్యనే.

ఇక గైడ్లు పేరెత్తని విషయం. లైంగిక వేధింపుల అధ్యాయం ఉంటది, 2013 చట్టం వచ్చింది గనక. ప్రసూతి సెలవుల అధ్యాయం ఉంటది. కులం అధ్యాయం వెతకండి, దొరకడం కష్టం. ఎందుకంటే ప్రైవేటు యజమాని ఉద్యోగమిచ్చేటప్పుడు కుల వివక్ష చూపితే నేరుగా పట్టుకునే సమగ్ర చట్టం మనకు లేదు. వేతనాల కోడ్ కూడా వేతన వివక్షను లింగం విషయంలోనే నిషేధించింది, కులం మాట లేదు. వివక్ష లేదా మరి? సుఖదేవ్ థోరట్, పాల్ ఎట్‌వెల్ 2007లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఒకే చదువు, ఒకే అర్హత చూపి పేర్లు మాత్రం మార్చి కంపెనీలకు దరఖాస్తులు పంపితే, దళిత పేరున్నవాటికి పిలుపులు తక్కువొచ్చాయి. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో కులాన్ని వివక్ష నిషేధాల జాబితాలో చేర్చింది. అక్కడి యజమానికి కులం రిస్క్ అయింది. అంటే రిస్క్ దానంతటది పుట్టదు, చట్టం పుట్టిస్తది. ఇక్కడ దళితుణ్ణి తీసుకోకపోవడం యజమానికి రిస్క్ కాదు, తీసుకున్న దళితుడు కోర్టుకెక్కడమే రిస్క్.

చావు కూడా ఈ లెక్కలోనే ఉంది. మురికికాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. 2024లో బయటికొచ్చిన కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో, నమోదైన సుమారు 38 వేలమంది మురుగు కార్మికుల్లో దాదాపు 69 శాతం షెడ్యూల్డ్ కులాలవాళ్లు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. నేరాన్ని కూడా కాంట్రాక్టరు పేరు మీదికి బదిలీ చేయొచ్చన్న ధైర్యమే ఆ మనిషిని దించుతున్నది.

మన వైపు కూడా చూసుకోవాలి. వామపక్ష యూనియన్లు కాంట్రాక్టు పద్ధతి మీద సమ్మెలు చేశాయి. కానీ ఈ పనులే ఎందుకు జాబితాకెక్కాయని కులం వైపు నుంచి అడగలేదు. దళిత ఉద్యమం అత్యాచారాల మీద, రిజర్వేషన్ల మీద నిలబడింది, లేబర్ చట్టాన్ని యూనియన్లకు వదిలేసింది. 1938 నవంబరు 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా బొంబాయిలో సమ్మె నడిపినవాడు, 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినవాడు మన నాయకుడేనని మరిచిపోయాం. పోస్టు ఉంటేనే రిజర్వేషన్. పోస్టును కాంట్రాక్టుగా మార్చాక రోస్టరు ఏ గోడకు తగిలించుకోవాలి? మనం దళిత అస్తిత్వం మీద సెమినారు పెట్టుకునే యూనివర్సిటీ హాలును పొద్దున్నే ఊడ్చిపోయే ఆమె ఏ రిజిస్టర్లో ఉందో మనమే అడగలేదు.

కాబట్టి ఈ గైడ్లను తగలబెట్టమని నేననను. చదవమంటాను, వెనక నుంచి ముందుకు చదవమంటాను. యజమానికి అందులో 'చేయొద్దు' అన్నదల్లా కార్మికుడికి సాక్ష్యం. సూపర్‌వైజరు కాకుండా కంపెనీ అధికారి నేరుగా పని చెప్పిన చీటీ, ఫోన్లో పంపిన ఆర్డరు, కంపెనీ రిజిస్టర్లో పడిన సంతకం, కాంట్రాక్టర్లు మారినా అదే మనిషి అదే చోట చేసిన ఏళ్లు. ఒక్క గేటు పాసు సరిపోదు. 2019లో బీహెచ్ఈఎల్ కేసులో గేటు పాసుల సాక్ష్యం సుప్రీంకోర్టులో నిలవలేదు. అందుకే కాయితాలన్నీ కలిపి దాచాలి. చదువుకున్న మనం వాడలో కూచుని ఆ కాయితాలు చదివిపెట్టాలి, దాచిపెట్టడం నేర్పాలి.

కోర్కెలు కూడా సూటిగా ఉండాలి. పారిశుధ్యాన్ని అప్రధానమైన పనుల జాబితాలోంచి తీసేయాలి. వేతనాల కోడ్‌లో లింగం పక్కన కులం మాట చేర్చాలి. కాంట్రాక్టు కార్మికుల్లో ఏ పనిలో ఏ కులం ఉందో ప్రతి సంస్థా లెక్క చెప్పాలి. ఆ లెక్క బయటపడితే, ప్రధానం కానిది పని కాదని, ఈ దేశం ప్రధానం కాదన్నది ఆ పని చేసే మనిషినేనని తేలుతది.