పొగ ఎవరిది, ఆకు ఎవరిది?

మన కథల్లో మగవాడు సిగరెట్ వెలిగిస్తే అతను ఆలోచనలో ఉన్నాడని అర్థం. స్త్రీ వెలిగిస్తే ఆమె ఎలాంటిదో రచయిత చెప్పేసినట్టే. పట్నం మనిషి, డబ్బున్న మనిషి, లేదా చెడిపోయిన మనిషి. తెలుగు సినిమా తన వ్యాంప్ చేతికిచ్చిందీ ఈ సిగరెట్‌నే. ఇదంతా పాశ్చాత్య ప్రభావమని నిట్టూర్చే విమర్శకులు ఈ అర్థాన్ని మరింత గట్టిచేస్తున్నారు.

శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవాళ్లు చుట్ట తాగడం ఏ పశ్చిమం నుంచి వచ్చింది? అదీ అడ్డపొగ, అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగడం. గాలికి ఆరదని, చంకలో బిడ్డ మీద నిప్పు రాలదని చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లను పరీక్షించిన పిండ్‌బోర్గ్ బృందం అధ్యయనం 1971లో వెలువడింది. అంగిలి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న సంబంధం వైద్యులకు బాగా తెలుసు. అలా ఆ స్త్రీ వైద్యుల పట్టికల్లోకి ఎక్కింది. మన సాహిత్య చర్చలో మాత్రం పొగ అనగానే గుర్తొచ్చేది 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశానికి చెప్పే పాఠమే. మగవాడు మగపిల్లాడికి ఇచ్చే దీక్ష అది.

నిజానికి పొగాకు లోకంలో స్త్రీ తాగే మనిషిగా కంటే పనిచేసే మనిషిగానే ఎక్కువ. మా మణుగూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోసేవాళ్లలో కోయ స్త్రీలు ఎందరో. 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో కల్లేదారుకు లెక్క అప్పజెబుతారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల్లో ఇలాంటి ఆకే మళ్లీ ఆడవాళ్ల చేతుల్లో బీడీ అవుతుంది. నడుము వంచి బీడీలు చుట్టే స్త్రీని చూసి ఎవరి సంస్కృతీ దెబ్బతినదు. ఆమే ఒకటి వెలిగిస్తే దెబ్బతింటుంది.

అలాగని సిగరెట్‌ను విముక్తికి గుర్తుగా రాయలేం. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేసి, వాటిని 'స్వేచ్ఛా కాగడాలు'గా ప్రచారం చేసిన ఎడ్వర్డ్ బెర్నేస్ పనిచేసింది అమెరికన్ టొబాకో కంపెనీ కోసం. స్త్రీల ఆకాంక్షను కంపెనీ తన సరుకుకు అంటించుకుంది.

అయితే ఆరోగ్యం పేరుతో శీలపాఠం చెప్పేవారి పక్కనా నిలబడలేం. 2003 నాటి పొగాకు చట్టం బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని ఆడామగా తేడా లేకుండా నిషేధించింది. తేడా ఉన్నది టీకొట్టు దగ్గరి చూపుల్లో. 2016–17 జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో పొగతాగే పురుషులు 19 శాతం, స్త్రీలు 2 శాతం. పొగరాని పొగాకు వాడే స్త్రీలు మాత్రం 12.8 శాతం. ఈ స్త్రీల నోళ్ల గురించి ఎవరూ ఆందోళన పడరు. అభ్యంతరం కనిపించే పొగ మీదే. నోటి లోపల కాలేది, కుళ్లేది ఆమె సొంత గొడవ.

విమర్శకులుగా మనం రచయితల్ని అడగవలసింది రెండు. సిగరెట్ వెలిగించిన స్త్రీని, పక్కనే వెలిగించిన మగవాణ్ని చూసినట్టే మామూలుగా చూడగలరా? ఆమె శీలాన్ని తూచడం మాని, ఆ పొగాకు ఆమె ఒంటికి చేసేదాన్ని, ఆకు కోసిన చేతికి దక్కినదాన్ని రాయగలరా?