శ్మశానవాటిలో నల్లపూసలు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం కాటిసీను చూసినవాళ్లకు జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు చెవుల్లో ఉండిపోతాయి. వినుకొండలో పుట్టి, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న కవి ఆయన. అయినా ఆ కాటిలో పునరుత్థానం ఊసే లేదు. శివుడు పిశాచాలతో ఆడతాడు. అంటరానితనానికి తావులేని జాగా అదేనంటాడు కవి. చచ్చాకనే సమానత్వం! ఇది ఆశ కాదు, ఎత్తిపొడుపు.

నాకెప్పుడూ గుచ్చుకునేది ఇంకొకటుంది. అక్కడ కవి కలం, రాజు ముద్రిక, చిత్రకారుడి కుంచె నాశనమవుతాయి. లేత ఇల్లాలివి మాత్రం నల్లపూసలు. మగవాళ్లకు తమ పని గుర్తు, ఆమెకు మొగుడి గుర్తు. మిరపకోతల్లో మంటలెత్తిన చేతులూ, పత్తితీతలో గీసుకుపోయిన వేళ్లూ చావు లెక్కలో కూడా ఎక్కలేదు.

చనిపోగానే ఆత్మ పరదైసుకు పోతుందని కొన్ని సంఘాలు బోధిస్తాయి, అంత్యదినం దాకా నిద్రిస్తుందని మరికొన్ని. సిలువ మీద దొంగతో యేసు అన్న మాటలో ‘నేడు’ను ఎటు కలిపి చదవాలన్నది తగవు. నాకా తగవుకంటే లేచేది దేహం అన్న మాటే ముఖ్యం. పాతబట్టలా విడిచేసే దేహం కాదు, యోహాను 20లో గాయాలు చూపించిన దేహం. మాల మాదిగ స్త్రీల ఒంటిని మైల అన్నచోట ఇది చిన్న మాటా? ఆ మాటనే ‘పైలోకంలో సుఖముంది, ఇక్కడ ఓర్చుకో’ అని ఆడవాళ్లకు ఓదార్పుగా వడ్డించడంతోనే నా పేచీ.

తిరిగి లేచిన యేసును యోహానులో మొదట చూసింది మగ్దలేనే మరియ. లూకా 24లో స్త్రీలు చెప్పింది అపొస్తలులకు వట్టి మాటలుగా తోచింది. పౌలు 1 కొరింథీ 15లో సాక్షుల్ని వరసగా చెబుతూ ఒక్క స్త్రీ పేరూ ఎత్తడు.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. వాళ్లను ఊరి చివర కాదు, ఊరి నడుమ పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. జాషువా కాడు ఊరి బయట ఉంది. ఈ సమాధులు సమానత్వాన్ని బతికున్నవాళ్ల మధ్యకు తెచ్చి అడుగుతున్నాయి. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందర్నీ విడిచిపెట్టింది. సమాధి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లు విన్న జవాబు కూడా ఇంచుమించు ఇదే.