మొక్కుబడి చీర, వెండితెర చీర: ఆదోని ప్రాంతంలో లింగ అస్తిత్వం

కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతంలోని సంతేకుడ్లూరులో హోలీ వేళ పురుషులు చీర కట్టి, నగలు ధరించి రతీమన్మథులను పూజిస్తారు. కోరిక నెరవేరుతుందన్న నమ్మకం దీనికి మూలం. దీనిని వింత ఆచారంగా వర్ణించడం పత్రికలకు పరిపాటి. లింగ సహిష్ణుతకు నిదర్శనంగా చూపడం విమర్శకులకు సులభం. ఈ రెండు దృష్టులూ అసలు ప్రశ్నను దాటవేస్తాయి: ఆ చీర ఎవరి అస్తిత్వాన్ని తెలుపుతోంది?

మొక్కు చెల్లించే పురుషుడి చీరకు ఊరు ముందే అర్థం నిర్ణయించింది. అది భక్తి. పూజ ముగియగానే అతడు తిరిగి భర్త, తండ్రి, రైతు. కనుక కళంకం అంటదు. తన స్వభావమే అదని చెప్పి చీర కట్టిన వ్యక్తికి ఈ రక్షణ లేదు. హులిగెమ్మ, ఎల్లమ్మ దేవతలకు అంకితమైన జోగప్పలది ఈ రెండింటి నడుమ స్థితి. వారి చీర జీవితాంతం నిలుస్తుంది. అయితే దానిని దేవత ఆజ్ఞగా చెప్పినప్పుడే గౌరవం దక్కుతుంది.

తెలుగు జనరంజక చిత్రాలదీ మొక్కుబడి తర్కమే. 'మేడమ్'లో రాజేంద్రప్రసాద్ స్త్రీవేషం నవ్విస్తుంది. వేషం వెనుక పురుషుడున్నాడని ప్రేక్షకుడికి తెలుసు. లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ఆధారంగా బి.ఎస్. లింగదేవరు తీసిన కన్నడ చిత్రం 'నాను అవనల్ల అవళు' దీనిని తలకిందులు చేసింది. అక్కడ పురుష దుస్తులే వేషం. అయినా జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం పొందింది పాత్రధారి అయిన పురుషుడు సంచారి విజయ్. మెప్పు మళ్ళీ వేషానికే దక్కిందా అన్న ప్రశ్న మిగులుతుంది.

కన్నడం తెలిసినవారు ఎందరో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు, తుగ్గలి ప్రాంతంలో ఈ చిత్రానికి భాష పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి ప్రేక్షక స్థానంలో ఉంది. శ్రీధర్ రంగాయన్ 'గులాబీ ఆయినా' (2003)కు సెన్సారు అనుమతి దొరకనప్పుడు చలనచిత్రోత్సవాలే దాన్ని బతికించాయి. మహానగరంలో అటువంటి ప్రదర్శనకు వెళ్ళేవారు అపరిచితుల మధ్య కూర్చుంటారు. చిన్న ఊరిలో పక్క కుర్చీలో బంధువు ఉంటాడు. చూడటానికి రావడమే ఒక ప్రకటనగా మారుతుంది. 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు నేరాన్ని తొలగించింది గాని ఈ భయాన్ని తొలగించలేదు.

కాబట్టి ఇక్కడ ప్రదర్శనకు తగిన చోటు కళాశాల. ఎ. రేవతి రచనకు పి. సత్యవతి చేసిన అనువాదం 'ఒక హిజ్రా ఆత్మకథ' (కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం, 2019)తో కలిపి ఈ చిత్రాన్ని చర్చిస్తే, ఎవరూ తమ గురించి చెప్పుకోనవసరం లేదు. పాఠ్యాంశం కూడా మొక్కు వంటి సాకే కదా అనవచ్చు. నిజమే. కాని మొక్కు పాత పురుషుణ్ణి యథాస్థానంలో నిలిపి ముగుస్తుంది. చర్చ ఆ స్థానాన్నే ప్రశ్నిస్తుంది.